ఇద్దరు గిజిగాళ్ళు

తాటిచెట్టుకు గూళ్ళు వేలాడుతుంటాయి. అవి గిజిగాడి గూళ్ళని అందరికీ తెలుసు. కాని గిజిగాళ్ళలో రకాలున్నాయి. ఒకటి మామూలు గిజిగాడు. ఇంకొకటి చారల గిజిగాడు. రెండూ పిచ్చుకంత ఉంటాయి. రెండూ గూడు అల్లుతాయి. మరి తేడా ఎలా తెలుస్తుంది?

రొమ్ము చూడాలి. చారల గిజిగాడి రొమ్ము మీద నల్లని చారలు బాగా కనిపిస్తాయి. మామూలు గిజిగాడికి అలా ఉండవు. వానాకాలంలో రెండింటిలోనూ మగపిట్ట తల పసుపుపచ్చగా మారుతుంది. ఆడపిట్టకు మారదు. దాన్ని కూడా రొమ్ము చూసే గుర్తుపట్టాలి.

గూడు చూసినా తెలుస్తుంది. మామూలు గిజిగాడు తాటి, ఈత, తుమ్మ చెట్లకు గూడు కడుతుంది. కింద నీళ్ళుంటే మరీ ఇష్టం. బావి మీదికి వంగిన కొమ్మకు కూడా కడుతుంది. గూటికి పొడవాటి గొట్టం ఉంటుంది. పిట్ట లోపలికి వెళ్ళే దారి అదే.

చారల గిజిగాడికి జమ్ము కావాలి. బందల్లో, గెడ్డల పక్కన పెరిగిన జమ్ములో ఉంటుంది. కొన్ని ఆకులను కలిపి వాటికే గూడు అల్లుతుంది. గొట్టం పొట్టిగా ఉంటుంది.

అల్లేది మగపిట్టే. మామూలు గిజిగాడు వరి ఆకును ముక్కుతో నారలా చీల్చి తెస్తుంది. సగం గూడు అల్లి ఆడపిట్టను పిలుస్తుంది. దానికి నచ్చితేనే మిగతాది పూర్తి చేస్తుంది. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ 1930లో ముంబయి దగ్గర కిహిం ఊరిలో ఇదంతా చూసి రాశారు.

గిజిగాళ్ళు గింజలు తింటాయి. చేను పండే రోజుల్లో కొంత నష్టం నిజమే. డబ్బా కొట్టి తోలుకోవచ్చు. కాని అవి తమ పిల్లలకు పెట్టేది పురుగులను. మిడతలను ఏరి తెచ్చి నోటికందిస్తాయి. అది వరి ఎదిగే కాలం. రైతుకు అది మేలే కదా!

తాటిచెట్టు కొట్టేస్తే మామూలు గిజిగాడికి ఇల్లు పోతుంది. జమ్ము తగలబెడితే, బంద పూడ్చేస్తే చారల గిజిగాడికి ఇల్లు పోతుంది. తడినేల ఉత్త బీడు కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని 2010లో జనం పోరాడారు. సాగుకు, చేపలకు ఆ నీరే ఆధారమన్నారు. కేంద్రం అక్కడ కట్టలేదు. జమ్ములో ఉండే పిట్టకు కూడా అటువంటి నేలే ఆధారం.

జమ్ము కోయాలా? తాటాకు కొట్టాలా? ముందు గూళ్ళు చూడండి. లోపల పిల్లలుంటే కొద్దిరోజులు ఆగండి. అవి ఎగిరిపోయాక పని చేసుకోవచ్చు.