ఒప్పందంలో ఒక్క వాక్యం

అమెరికా వైద్యసంఘం వారి పత్రిక 1995 జనవరి 25 సంచికలో ఒక పరిశోధన వ్యాసం వెలువడవలసి ఉంది. ఐదుగురు నిపుణులు పరీక్షించగా సంపాదకులు ఆమోదించిన వ్యాసమది. సంచిక వెలువడడానికి పన్నెండు రోజుల ముందు, జనవరి 13న, దానిని ఉపసంహరించుకుంటున్నట్లు రచయిత్రి నుంచి సంపాదకులకు కబురు అందింది. వ్యాసంలో దోషమేదీ బయటపడలేదు. కొన్నేళ్ళ కిందట ఆమె సంతకం చేసిన ఒప్పందంలోని ఒక్క వాక్యం ఆమె చేతులు కట్టివేసింది.

ఆమె పేరు బెట్టీ డాంగ్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర నిపుణురాలు. ఆమె పరిశోధించినది అపురూపమైన రోగమూ కాదు, కొత్త మందూ కాదు. థైరాయిడ్ గ్రంథి మందగించినవారు సాధారణంగా జీవితాంతం రోజుకొకటి చొప్పున వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్ర. మన దేశంలోనూ లక్షలాది ఇళ్ళలో, ముఖ్యంగా స్త్రీలకు, తెల్లవారగానే పరగడుపున పడే మాత్ర అదే. అమెరికాలో ఆ రోజుల్లో సుమారు 80 లక్షల మంది థైరాయిడ్ మందు వాడుతూ ఉండేవారు. ఏటా 60 కోట్ల డాలర్ల ఆ వ్యాపారంలో అత్యధిక భాగం సింథ్రాయిడ్ అనే ఒక్క పేరుదే. అదే మూలపదార్థంతో తయారై చవకగా దొరికే మాత్రలు వేరే ఉన్నా, అవి దీనికి సాటిరావని కంపెనీ చెప్పేది, వైద్యులు నమ్మేవారు.

ఆ నమ్మకానికి శాస్త్రీయమైన ముద్ర కావాలని ఆ మందు తయారీదారు అయిన ఫ్లింట్ కంపెనీ 1987లో డాంగ్‌ను ఆశ్రయించింది. అంతకుముందు ఆమె చేసిన ఒక చిన్న పరిశీలన సింథ్రాయిడ్‌కే అనుకూలంగా ఉండడం అందుకొక కారణం. రెండున్నర లక్షల డాలర్ల వ్యయంతో నాలుగు రకాల మాత్రలను పోల్చి చూడాలన్నది ఏర్పాటు. రోగుల ఎంపిక మొదలు గణాంకాల వరకు ప్రతి అంశాన్నీ నిర్దేశించిన ఆ సుదీర్ఘ ఒప్పందంలో, కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేనిదే ఫలితాలను ప్రచురించరాదనే షరతు కూడా ఉంది. ప్రచురణకు ఇటువంటి ఆంక్ష విధించరాదన్నది ఆ విశ్వవిద్యాలయం తానే పెట్టుకున్న నియమం. అయినా ఆ కాగితం దాని కళ్ళు గప్పి దాటిపోయింది. ఇరుపక్షాలకూ ఒకే ఫలితం మీద ఆశ ఉన్నప్పుడు షరతులను చదివే ఓపిక ఎవరికుంటుంది?

22 మంది రోగులకు నాలుగు రకాల మాత్రలనూ ఒక్కొక్కటి ఆరేసి వారాల చొప్పున ఇచ్చి, రక్తపరీక్షలు చేసి చూశారు. 1990 చివరికి పరిశోధన ముగిసింది. నాలుగు మాత్రల మధ్యా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని తేలింది. చవకమాత్రలకు మారితే అమెరికా రోగులకు ఏటా 35.6 కోట్ల డాలర్లు మిగులుతాయని కూడా పరిశోధకులు లెక్కగట్టారు.

ఈలోగా ఫ్లింట్‌ను బూట్స్ అనే బ్రిటిష్ సంస్థ కొనివేసింది. డబ్బు పెట్టినవారికి ఫలితం రుచించలేదు. రోగుల ఎంపిక సరిగా లేదన్నారు, గణాంకాలు తప్పన్నారు, నైతిక నియమాల ఉల్లంఘన జరిగిందన్నారు. ఈ ఆరోపణలు డాంగ్‌తో ఆగక విశ్వవిద్యాలయపు పెద్దలందరికీ చేరాయి. విశ్వవిద్యాలయం విచారణ జరిపించి, సులభంగా సరిదిద్దగల చిన్నపాటి లోపాలు తప్ప మరేమీ లేవని తేల్చింది. ఇంతవరకు ఆ సంస్థ తన పండితురాలి పక్షాన నిలిచిందనే చెప్పాలి.

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురయింది. వ్యాసం అచ్చుకు సిద్ధమైన దశలో, ప్రచురిస్తే ఒప్పందభంగం కింద దావా వేస్తామని కంపెనీ బెదిరించింది. విశ్వవిద్యాలయపు న్యాయవాదులు ఒప్పందాన్ని తిరిగి చదివారు. దావా పడితే పరిశోధకులు తమ సొంత ఖర్చుతో తామే పోరాడుకోవలసి ఉంటుందనీ, విశ్వవిద్యాలయం అండగా నిలవజాలదనీ చెప్పారు. జీతం రాళ్ళతో బతికే ఒక అధ్యాపకురాలు కోట్ల డాలర్ల దావాను ఒంటరిగా ఎదుర్కోవలసిన స్థితి. ఆమె వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆమెను తప్పుపట్టడం కంటె ఆ న్యాయవాదుల సలహా ఎవరి ప్రయోజనాన్ని కాపాడిందని అడగడం సబబు.

కథ అక్కడితో ఆగలేదు. ఆమె సేకరించిన అంకెలనే తీసుకుని, వాటిని మరో విధంగా లెక్కించి, పూర్తిగా విరుద్ధమైన నిర్ణయంతో కంపెనీ ఉద్యోగులు ఒక వ్యాసం ప్రకటించారు. ఆమె పేరు అందులో లేదు. దానిని అచ్చువేసిన పత్రికకు ఆ రచయితల్లో ఒకరు సహాయ సంపాదకులు. 1995లోనే బూట్స్ తన ఔషధ వ్యాపారాన్ని సుమారు 140 కోట్ల డాలర్లకు జర్మనీకి చెందిన బాస్ఫ్ కంపెనీకి అమ్మివేసింది. ఆ బేరం సాగుతున్న రోజుల్లో డాంగ్ వ్యాసం వెలుగు చూసి ఉంటే ధర ఎలా ఉండేదో పాఠకులు ఊహించుకోవచ్చు.

1996 ఏప్రిల్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఈ ఉదంతాన్ని బయటపెట్టింది. ఆ పైన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా కంపెనీని మందలించింది. చివరకు అడ్డు తొలగి 1997 ఏప్రిల్ 16న వ్యాసం అచ్చయింది: పరిశోధన ముగిసిన ఆరేళ్ళకు పైగా. 1999లో కంపెనీ 37 రాష్ట్రాలకు 4.18 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఏటా మిగులుతుందన్న సొమ్ముతో పోలిస్తే అది ఎనిమిదో వంతు.

విశ్వవిద్యాలయానికీ వ్యాపారసంస్థకూ మధ్య పరస్పర విరుద్ధ ప్రయోజనాలనగానే లంచం గుర్తుకు వస్తుంది. ఇక్కడ లంచం లేదు. డాంగ్‌ను ఎవరూ కొనలేదు, ఆమె అమ్ముడుపోలేదు. మన పెద్దలు తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి కృతఘ్నుడన్నారు. కాని పరిశోధకుని వృత్తిధర్మమే ఆ లెక్క. అన్నం పెట్టిన ఇంటి వాసం పుచ్చిందని తెలిస్తే బయటికి చెప్పవలసినవాడతడు. ఆతిథ్యం స్వీకరించేది మాత్రం అతనొక్కడే కాదు, అతని సంస్థ కూడా. చిక్కంతా అక్కడే.

కెనడాలోని టొరంటో ఉదంతం ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తుంది. అక్కడి పిల్లల ఆసుపత్రిలో నాన్సీ ఒలివియెరి అనే వైద్యురాలు తలసీమియా రోగులకు డెఫెరిప్రోన్ అనే మందు ఇచ్చి పరిశోధిస్తూ ఉండేవారు. తరచు రక్తం ఎక్కించడం వల్ల శరీరంలో పేరుకునే ఇనుమును తొలగించేందుకు ఉద్దేశించిన మందది. 1996లో, కొందరిలో దాని ప్రభావం తగ్గిపోతున్నదని ఆమెకు తోచింది. రోగులకు ఆ మాట చెప్పి తీరాలని ఆసుపత్రి నైతిక సంఘం ఆదేశించింది. మందు కంపెనీ అపోటెక్స్ పరిశోధనను నిలిపివేసి, బయటికి చెబితే చట్టరీత్యా చర్య తప్పదని హెచ్చరించింది. ఆమె చెప్పారు. ఆ కాలంలోనే టొరంటో విశ్వవిద్యాలయం అదే కంపెనీ నుంచి రాబోయే కోట్ల డాలర్ల విరాళం గురించి సంప్రదింపులు జరుపుతున్నది. 1999లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు కంపెనీకి నష్టం కలిగించే పేటెంటు నిబంధనల విషయమై ప్రధానమంత్రికే లేఖ రాశాడు. ఆనక అది తగనిపని అని క్షమాపణ చెప్పుకున్నాడు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. డెఫెరిప్రోన్ విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది. ఆ మందుకు ఐరోపాలో 1999లోను, అమెరికాలో 2011లోను అనుమతి లభించింది. ఏటా సుమారు 10,000 మంది శిశువులు తీవ్రమైన తలసీమియాతో పుడుతున్నారని అంచనా వేస్తున్న మన దేశంలో అది 1990లలోనే వాడుకలోకి వచ్చింది. ఒలివియెరి నిర్ణయం పూర్తిగా సరైనదా అన్నది వేరే చర్చ. తనకు కనిపించిన అపాయాన్ని రోగికి చెప్పే స్వేచ్ఛ ఆమెకు ఉండాలా అన్నదానిలో చర్చకు తావు లేదు.

2001 సెప్టెంబరులో ప్రముఖ వైద్యపత్రికల సంపాదకులు కలిసికట్టుగా ఒక ప్రకటన చేశారు. అంకెల మీద, ప్రచురణ మీద పెట్టుబడిదారుకే సర్వాధికారం ఉన్న పరిశోధనలను స్వీకరించబోమన్నారు. పేటెంటు దరఖాస్తు కోసం కంపెనీ కొద్ది వారాల గడువు కోరడం వేరు, ఇష్టం లేని ఫలితాన్ని పాతిపెట్టే హక్కు కోరడం వేరు. చాలా విశ్వవిద్యాలయాలు మొదటిదానిని అనుమతిస్తాయి. అందులో అన్యాయమేమీ లేదు.

మన దేశంలో ఈ ప్రశ్న వేరే దారిన వచ్చింది. అమెరికా 1980లో చేసిన బే-డోల్ చట్టం అక్కడి విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వధనంతో కనుగొన్నవాటిపై పేటెంటు హక్కు కల్పించింది. ఆ బాటలోనే 2008 డిసెంబరులో రాజ్యసభలో ఒక బిల్లు ప్రవేశించింది. పేటెంటు దరఖాస్తు పడేవరకు పరిశోధకుడు నోరు మెదపరాదన్న భావం అందులో ఉండడంతో విద్యావేత్తలు అభ్యంతరం చెప్పారు. 2014లో బిల్లును ఉపసంహరించారు. సంబంధం మాత్రం తెగలేదు, మరింత బలపడింది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద వెచ్చించవలసిన రెండు శాతం లాభాన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోని పరిశోధనకు ఇచ్చే వీలు 2019లో ఏర్పడింది. బడ్జెట్టు చాలక ప్రయోగశాలల్లో గాజుపాత్రలకే కరువైన చోట ఈ సొమ్మును వద్దనమని ఎవరూ చెప్పరు.

ఆ సొమ్ముతో పాటు వచ్చే కాగితంలో ఏముందో తెలుసుకోవడమే కష్టం. ప్రభుత్వ విశ్వవిద్యాలయం 2005 నాటి సమాచార హక్కు చట్టం పరిధిలోనిదే. అయితే ఆ చట్టంలోని 8(1)(డి) నిబంధన వాణిజ్య రహస్యాలకు మినహాయింపు ఇస్తుంది. విశాల ప్రజాప్రయోజనం ఉన్నదని అధికారి సమాధానపడితే ఆ మినహాయింపు వర్తించదు. అప్పీళ్ళ సంగతి తరువాత. దరఖాస్తు మొట్టమొదట చేరేది ఆ ఒప్పందంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయంలోనే పనిచేసే సమాచార అధికారి బల్ల మీదికి.