గడ్డి చెక్కిన ఫిన్

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు దక్షిణ తీరాన, కార్పస్ క్రిస్టీ నగరానికి దిగువగా, లగూనా మాద్రే అనే ఉప్పునీటి సరస్సు ఉంది. పాడ్రే అనే సన్నటి పొడవాటి ఇసుకదీవి దాన్ని మెక్సికో సింధుశాఖ నుంచి విడదీస్తుంది. వచ్చి కలిసే మంచినీళ్లు తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే అందులో నీళ్లు సముద్రం కన్నా ఉప్పగా ఉంటాయి. సగటు లోతు మీటరుకు అటూఇటూ. ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది, దీవి అడ్డం ఉండటంతో పెద్ద అలలు లేవవు. తెరచాప బిగించిన బోర్డు మీద విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? దీవి లోపలి ఒడ్డున ఉన్న బర్డ్ ఐలాండ్ బేసిన్‌కు వాళ్లు చాలా దూరాల నుంచి వస్తారు.

చిక్కల్లా నీటి అడుగున ఉంది. లోతు తక్కువ కాబట్టి ఎండ నేలదాకా దిగుతుంది, ఎండ దిగినచోట సముద్రపు గడ్డి దట్టంగా పెరుగుతుంది. బోర్డు తోక కింద ఫిన్ అనే 40 సెంటీమీటర్ల పలకను నిటారుగా బిగించుకుని ఈ నీళ్లలోకి వెళ్తే కాసేపటికే దానికి గడ్డిపోచలు చుట్టుకుంటాయి. వేగం పడిపోతుంది, బోర్డు తోక పక్కకు జారుతుంది. ఖర్మకాలి ఇసుక మేట తగిలితే బోర్డు అక్కడికక్కడే ఆగిపోతుంది, మనిషి మాత్రం తెరచాపతో సహా ముందుకు ఎగిరిపడతాడు. ఇలాంటి నీళ్లకోసం ఫిన్ తన రూపాన్నే మార్చుకోవలసి వచ్చింది. ఆ మార్పు ఎందుకో తెలియాలంటే ముందు ఫిన్ చేసే పనేమిటో తెలియాలి.

తెరచాపకు తగిలే గాలి బోర్డును ముందుకు తోయడమే కాదు, పక్కకూ తోస్తుంది. ఆ పక్కతోపును ఎదిరించేది ఫిన్. అది ఉత్త అడ్డుపలక కాదు, నీళ్లలో నిలువుగా దిగిన విమానపు రెక్క. బోర్డు ఎటు చూస్తోందో సరిగ్గా అటే పోదు, రెండు మూడు డిగ్రీలు పక్కకు వాలి పోతుంది. ఆ వాలు వల్ల నీళ్లు ఫిన్‌కు కాస్త ఏటవాలుగా తగులుతాయి. ఒక పక్క పీడనం పెరిగి, రెండో పక్క తగ్గుతుంది. విమానాన్ని పైకి లేపే లిఫ్ట్ ఇక్కడ అడ్డంగా పనిచేసి, గాలి తోపుకు ఎదురు నిలుస్తుంది. వెళ్లేటప్పుడు ఒక వైపు నుంచి, వచ్చేటప్పుడు రెండో వైపు నుంచి ఈ పని చేయాలి కాబట్టి ఫిన్ రెండు ముఖాలూ ఒకే వంపుతో ఉంటాయి.

ఆరేడు చదరపు మీటర్ల తెరచాపకు 350 చదరపు సెంటీమీటర్ల ఫిన్ ఎలా సమాధానం చెబుతుంది? నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది కాబట్టి. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ప్రవాహం వల్ల నీటికి వచ్చే పీడనం చదరపు మీటరుకు దాదాపు 5 టన్నుల బరువంత. మన ఫిన్ వైశాల్యానికి అది సుమారు 180 కిలోలు. పక్కతోపు 35 కిలోలు ఉందనుకుంటే, అందులో ఐదో వంతు వాడుకుంటే చాలు. అదే వేగం సగానికి పడితే పీడనం నాలుగో వంతుకు దిగుతుంది, 180 కాస్తా 45 అవుతుంది. అప్పుడు ఐదింట నాలుగు వంతులు పిండుకోవాలి, వాలు పది డిగ్రీలు దాటుతుంది. ఆ దశలో నీటి ప్రవాహం ఫిన్ ముఖాన్ని వదిలేస్తుంది, లేదా తక్కువ పీడనం ఉన్న వైపుకు పైనుంచి గాలి దూరుతుంది. పట్టు ఒక్కసారిగా తెగి తోక పక్కకు కొట్టుకుపోతుంది. దీన్నే స్పిన్ అవుట్ అంటారు. గడ్డి చేసే నష్టం కూడా ఇదే దారిన వస్తుంది. చుట్టుకున్న పోచలు వేగాన్ని తగ్గిస్తాయి, ఫిన్ మీద సాఫీగా సాగే ప్రవాహాన్ని చెదరగొడతాయి. రెండూ కలిసి ఫిన్‌ను స్పిన్ అవుట్ అంచుకు నెడతాయి.

ఫిన్ పుట్టింది తెరచాప కోసం కాదు. హవాయిలో అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు ఒకప్పుడు బోర్డు పక్కకు జారకుండా కాలిని నీళ్లలో ఈడుస్తూ నెట్టుకొచ్చేవారు. 1935లో వైకీకీలో టామ్ బ్లేక్ పాత స్పీడ్‌బోటు నుంచి ఊడదీసిన కీల్ అనే అడుగు పలకను తన బోర్డు తోక కింద బిగించాడు. దాని పొడవు సుమారు ఒక అడుగు, లోతు నాలుగంగుళాలు. 1960ల్లో కాలిఫోర్నియాకు చెందిన జార్జ్ గ్రీనో దృష్టి చేపల మీదికి మళ్లింది. ట్యూనా చేప వాజంలా వెనక్కి వంగి, కొన దగ్గర సన్నబడి, కొంచెం వంగుడు గుణం ఉన్న ఫిన్‌లు చేశాడు. 1966లో శాన్‌డియాగోలో ప్రపంచ సర్ఫింగ్ పోటీ గెలిచిన ఆస్ట్రేలియన్ నాట్ యంగ్ బోర్డు కింద ఉన్నది గ్రీనో తరహా ఫిన్‌నే.

బోర్డు మీదికి తెరచాప ఎక్కడం ఆ దశాబ్దంలోనే జరిగింది. పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ 1964లో తన తెరచాప బోర్డును తయారుచేశాడు. దాని గురించి 1965లో ‘పాపులర్ సైన్స్’ పత్రికలో రాశాడు. కాలిఫోర్నియాలో విమాన ఇంజనీరు జిమ్ డ్రేక్, అతని మిత్రుడు హోయల్ ష్వైట్జర్ కలిసి తెరచాప కొయ్య ఎటు కావాలంటే అటు వాలే కీలుతో బోర్డు చేసి, 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఆ తొలి బోర్డుల్లో పక్కతోపును ఆపే పని ప్రధానంగా ఫిన్‌ది కాదు, బోర్డు నడిమధ్యలోంచి కిందికి దిగే డాగర్‌బోర్డ్ అనే పొడవాటి పలకది. తోక కింది చిన్న ఫిన్ దారి తప్పకుండా చూసేది, అంతే. 1970ల చివరికి హవాయి కుర్రాళ్లు అలల మీద ఎగరడానికి బోర్డును పొట్టిచేసి, కాళ్లకు పట్టీలు బిగించుకున్నారు. వేగం పెరిగేసరికి డాగర్‌బోర్డ్ అడ్డమైంది, దాన్ని తీసేశారు. ఇక పక్కతోపు మొత్తం తోక ఫిన్ మీద పడింది.

ఆ బరువు మోయడానికి ఫిన్ లోతుగా, సన్నగా, నిటారుగా పెరిగింది. కారణం రెక్కల శాస్త్రంలోనే ఉంది. రెక్క కొన దగ్గర ఎక్కువ పీడనం వైపు నుంచి తక్కువ పీడనం వైపుకు నీళ్లు సుడి తిరుగుతూ జారుకుంటాయి. ఆ సుడి తినేసే శక్తి వృథా. రెక్క పొడవుగా, సన్నగా ఉన్నకొద్దీ ఈ నష్టం తగ్గుతుంది. గ్లైడర్ రెక్కలు అలా ఉండటం ఇందుకే. ఫార్ములా విండ్‌సర్ఫింగ్ పోటీల్లో ఫిన్ లోతుకు 70 సెంటీమీటర్ల హద్దు పెట్టారంటే ఎంతవరకు వెళ్లిందో ఊహించవచ్చు. లోతైన నీళ్లలో గాలికి ఎదురేగడానికి దాన్ని మించింది లేదు. లగూనా మాద్రేలో అది మోకాలిని మించిన లోతు, అంటే చాలాచోట్ల నేలను దున్నుకుంటూ పోవడమే.

గడ్డికి విరుగుడు ఫిన్‌ను వెనక్కి వాల్చడం. చాటలో బియ్యం పోసి కొద్దిగా వంచితే గింజ కదలదు. ఇంకాస్త వంచితే మొత్తం ఒక్కసారిగా జారుతుంది. ఆ జారే కోణాన్ని నిర్ణయించేది ఘర్షణ. ఫిన్ ముందంచు మీద అడ్డంగా పడిన గడ్డిపోచదీ ఇదే కథ. అంచు నిటారుగా ఉంటే నీళ్లు పోచను నేరుగా అంచుకు నొక్కుతాయి, జారడానికి దారి ఉండదు. అంచును 45 డిగ్రీలు వెనక్కి వాలిస్తే నొక్కే బలం, అంచు వెంట కిందికి లాగే బలం సమానమవుతాయి. ఘర్షణ ఆ లాగుడుకన్నా తక్కువైతే పోచ కొనదాకా జారి ఊడిపోతుంది. వీడ్ ఫిన్ పేరుతో అమ్మేవాటి అంచు చాలావరకు 45 డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో వాలి ఉండటం ఇందువల్లే.

అయితే ఈ వాలు ఉచితంగా రాదు. 1935లోనే, బ్లేక్ కీల్ బిగించిన ఏడాదే, రోములో జరిగిన వోల్టా సమావేశంలో అడాల్ఫ్ బూజమాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త వెనక్కి వాలిన విమానపు రెక్క గురించి ప్రసంగించాడు. వాలిన రెక్కకు తెలిసేది విమానం వేగమంతా కాదు, రెక్క అంచుకు లంబంగా వచ్చే భాగం మాత్రమే అన్నది అందులో కీలకం. ధ్వని వేగం దగ్గర విమానాలకు అది వరమైంది. నేటి ప్రయాణికుల జెట్ విమానాల రెక్కలు వెనక్కి వాలి ఉండటం ఆ సూత్రం చలవే. ఫిన్‌కు మాత్రం అదే సూత్రం నష్టం రాసిపెట్టింది. 45 డిగ్రీల వాలులో లంబంగా వచ్చే వేగం 71 శాతం, పీడనం వేగపు వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి అది సగానికి పడుతుంది. పోగొట్టుకున్న లిఫ్ట్‌ను రాబట్టాలంటే వైశాల్యం పెంచాలి. వైశాల్యం పెరిగితే నీటి రాపిడి పెరుగుతుంది. విమానం వేగం కోసం రెక్కను వాల్చింది, ఫిన్ గడ్డి కోసం వేగంలో కొంత వదులుకుని వాలింది.

అయినా ఆ నష్టంతో పాటు ఒక లాభం కలిసొచ్చింది. 38 సెంటీమీటర్ల ఫిన్‌ను 45 డిగ్రీలు వాలిస్తే నీళ్లలోకి దిగే లోతు 27 సెంటీమీటర్లే. ఇంకా తక్కువ కావాలంటే డెల్టా ఫిన్ ఉంది. ఇది త్రికోణం. బోర్డును అంటుకునే అంచు 30 సెంటీమీటర్లు, లోతు 20 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. వెనకంచు నిటారుగా ఉంటే ముందంచు వాలు 56 డిగ్రీలు. పొట్టి రెక్క కాబట్టి కొన దగ్గర సుడి నష్టం ఎక్కువ. అదే లిఫ్ట్ కోసం బోర్డు మరింత పక్కకు వాలాలి, గాలికి ఎదురేగడంలో నిటారు ఫిన్‌తో పోటీపడలేదు. కానీ పొట్టి రెక్కలు ఎక్కువ పక్కవాలుదాకా ప్రవాహాన్ని వదలవు, అందుకని పట్టు హఠాత్తుగా తెగదు. పొడవుకన్నా లోతు తక్కువైన ఈ ఆకారం బ్లేక్ తొలి కీల్‌కు దగ్గరి చుట్టం. నిటారు ఫిన్ నుంచి చూస్తే ఇది వెనకడుగు, మీటరు లోతు నీళ్ల నుంచి చూస్తే ముందడుగు.

మరి ఎంచుకోవడం ఎలా? ముందు లోతు. తిరగబోయే దారిలో అన్నిటికన్నా మిట్టగా ఉన్న మేట మీద నీళ్లెంతో కొలవాలి. వేగంగా పోయేటప్పుడు బోర్డు నీటిపైకి తేలుతుంది. ఆగినప్పుడు మనిషి బరువుకు తోక కిందికి దిగుతుంది. ఆ దిగుడుకూ, అడుగున పెరిగిన గడ్డి ఎత్తుకూ చోటు వదిలి మిగిలినదే ఫిన్‌కు దక్కే లోతు. మోకాలి లోతు నీళ్లలో 20 నుంచి 25 సెంటీమీటర్లు దాటితే పేచీయే.

తరవాత గడ్డి. వేళ్లూని నిలబడిన గడ్డి పైనుంచి పోవడం ఒకటి, తెగి తేలుతున్న పోచల మధ్యనుంచి పోవడం మరొకటి. మొదటిదానికి లోతు తగ్గితే చాలు. రెండోది ఎక్కడైనా ఎదురవుతుంది, దానికి వాలే మందు. పోచ పొడవుగా, మెత్తగా ఉంటే ఫిన్ రెండు పక్కలా అతుక్కుని ఘర్షణ పెరుగుతుంది కాబట్టి 45 డిగ్రీలు చాలకపోవచ్చు. వాలు ఎంత ఉన్నా ముందంచు మీద చిన్న గాటుంటే పోచ అక్కడే తగులుకుంటుంది. ఇసుక మేటలు తగిలి పడ్డ గాట్లను సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చేయడం కొత్త ఫిన్ కొనడమంత పనిచేస్తుంది. గాజునార, ఎపాక్సీ కలిపి గట్టిపరచిన జీ-10 అనే పలకలోంచి చెక్కిన ఫిన్‌లు ఈ మొరటు బతుకును బాగా తట్టుకుంటాయి.

తెరచాప కొలత మూడోది. నిటారు ఫిన్‌కు అలవాటుపడ్డ పెద్ద తెరచాపనే వీడ్ ఫిన్‌తో వాడాలంటే వైశాల్యం పెంచుకోవాలి, లేదంటే తెరచాప తగ్గించుకోవాలి. వాలిన ఫిన్ బలమంతా బిగింపుకన్నా వెనక్కి పోతుందని కూడా గుర్తుంచుకోవాలి. పొడవాటి గాడిలో ముందుకూ వెనక్కూ జరిపే వీలున్న యూఎస్ బాక్స్ రకం బోర్డైతే, ఫిన్‌ను కాస్త ముందుకు జరిపి దాన్ని సరిదిద్దవచ్చు. పవర్ బాక్స్, టటిల్ బాక్స్ వంటి రకాల్లో ఆ వీలు లేదు. చివరిగా, ఎక్కేవాడి అలవాటు. వేగం పుంజుకోకముందే బరువంతా వెనక కాలి మీద మోపితే, లిఫ్ట్ తక్కువ ఉన్న ఆ ఘడియలోనే పట్టు తెగుతుంది. ముందు బోర్డును పరుగు పెట్టనిచ్చి, ఆ తరవాత గాలికి ఎదురు తిప్పాలి.

ఈ జాగ్రత్త గడ్డికీ మేలే. లగూనా మాద్రే గడ్డి పిల్ల చేపలకు, రొయ్యలకు ఆశ్రయం. ఉత్తర అమెరికాలోని రెడ్‌హెడ్ బాతుల్లో అత్యధిక భాగం చలికాలం ఇక్కడికి వచ్చి ఈ గడ్డి దుంపల మీదే బతుకుతాయి. పడవ ప్రొపెల్లర్ కోసిన చాలు పూడటానికి ఏళ్లు పడుతుంది. అందుకే ప్రొపెల్లర్‌తో సముద్రపు గడ్డిని వేళ్లతో సహా పెకలించడాన్ని నిషేధిస్తూ 2013లో టెక్సాస్ రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది.

విండ్‌సర్ఫింగ్ ప్రపంచం ఈలోగా మరోవైపు నడుస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మార్సేయ్‌లో జరిగిన పోటీల్లో బోర్డులు నీటిపైన గాల్లో తేలుతూ పోయాయి. వాటిని మోసేది దాదాపు మీటరు పొడవున్న కాడ కింద అమర్చిన రెక్కలు. ఆ మీటరు కాడను దించడానికి సగటు లోతే మీటరున్న లగూనా మాద్రేలో చోటు లేదు. ఒలింపిక్స్ వదిలేసినా ఫిన్ ఇలాంటి నీళ్లలో బతుకుతుంది, ఇక్కడే ఇంకా మారుతుంది. అంగట్లో ఫిన్ అడిగితే ముందు తెరచాప ఎన్ని చదరపు మీటర్లని అడుగుతారు. మీ నీళ్లు మీటరు లోపైతే ఆ లెక్క తరవాత చూసుకోవచ్చు, ముందు మేట మీద లోతు చెప్పండి.