సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొంటున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో ఐదుగురున్నారు. సామాను వేసుకుని శ్రీశైలమో, తిరుపతో వెళ్లాలంటే చిన్న కారు సరిపోవడం లేదు. కొత్త ఎస్‌యూవీ కొందామంటే బడ్జెట్ దాటిపోతోంది. అందుకే నాలుగైదేళ్లు వాడిన క్రెటా, సెల్టోస్, హారియర్ లాంటి బండ్ల కోసం చాలామంది వెతుకుతుంటారు. పాలిష్ పెట్టి నిలబెట్టిన బండి చూడగానే నచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే 'ఇంకో పార్టీ కూడా చూసి వెళ్లింది, టోకెన్ ఇచ్చేయండి' అంటారు.

అక్కడే ఆగండి. ముందు కాగితాలు, తర్వాత బండి, ఆ తర్వాతే డబ్బు. ఈ వరుస తప్పితే పైన పటారం, లోన లొటారం అయిన బండి మీ చేతికి రావచ్చు.

ఫోన్‌లోనే తేలిపోయేవి

బండి చూడటానికి వెళ్లకముందే రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఎం-పరివాహన్ యాప్‌లో గానీ, పరివాహన్ వెబ్‌సైట్‌లో గానీ ఆ నంబర్ కొట్టి చూడండి. తెలంగాణ బండి వివరాలు అక్కడ దొరక్కపోతే రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. ముఖ్యంగా చూడాల్సినవి ఇవి:

- రిజిస్ట్రేషన్ తేదీ, బండి తయారైన నెల. అమ్మే వ్యక్తి చెప్పిన మోడల్ ఏడాదితో సరిపోవాలి.
- ఇప్పటివరకు ఎంతమంది యజమానులు మారారు.
- బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందా. ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 రెండూ కావాలి. 'లోన్ ఎప్పుడో కట్టేశాం' అన్న మాట ఒక్కటే చాలదు.
- ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు.

ఆ తర్వాత పోలీసు శాఖ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో పెండింగ్ చలాన్లు చూడండి. బండి వేరే రాష్ట్రాల్లో తిరిగి ఉంటే పరివాహన్ ఈ-చలాన్ పేజీ కూడా చూడటం మంచిది.

ఇన్సూరెన్స్ కాగితంలో దాగిన కథ

పాలసీ కాపీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఒకే యజమాని దగ్గర ఐదేళ్లున్న బండికి బోనస్ సున్నా అని ఉంటే, క్లెయిమ్ అయినా జరిగి ఉండాలి, పాలసీ అయినా మధ్యలో ఆగి ఉండాలి. ఏం జరిగిందో అడగండి. సర్వీస్ రికార్డులు కూడా తెప్పించుకోండి. ప్రతి సర్వీసులోనూ కిలోమీటర్లు నమోదు చేస్తారు కాబట్టి, మీటర్ వెనక్కి తిప్పారేమో అక్కడ బయటపడుతుంది.

వరదలో మునిగిన బండా?

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటివి బాగుచేసి అమ్మితే పైకి తెలియదు. ఎలక్ట్రికల్ సమస్యలు నెలల తర్వాత కూడా మొదలవుతాయి.

సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద మరకలుంటే అనుమానించాలి. సీట్ల కింద పట్టాల తుప్పు, స్పేర్ టైరు గుంతలో ఒండ్రు, హెడ్‌లైట్లలో తేమ చూడండి. లోపల ముక్క వాసన వస్తున్నా, వాసన తెలియకుండా సెంటు ఎక్కువగా కొట్టినా జాగ్రత్త పడాల్సిందే.

యాక్సిడెంట్ గుర్తులు

అన్ని అద్దాల మీదా తయారీ గుర్తులు చూడండి. ఒక్క అద్దం మీద మాత్రం వేరే కంపెనీ పేరో, వేరే ఏడాదో ఉంటే అది మార్చిందే. బానెట్, డోర్ల బోల్టుల మీద పెయింట్ లేచి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారని అర్థం. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా మెకానిక్‌కు చూపించకుండా ముందుకెళ్లొద్దు. పిల్లలు కూర్చునే బండి ఇది.

టైరు పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల తక్కువగా ఉన్నా ఆరేడేళ్ల టైర్లయితే, కొత్త సెట్ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే

'ఉదయాన్నే వస్తాం, స్టార్ట్ చేయకుండా ఉంచండి' అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వేడిగా ఉంటే కోల్డ్ స్టార్ట్‌లో బయటపడే లోపాలు మీకు కనిపించవు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టే.

డీజిల్ బండి అయితే ఇంకో మాట. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ ఎస్‌యూవీల్లో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద తిరగాలి. రోజూ ట్రాఫిక్‌లో నాలుగైదు కిలోమీటర్లే తిరిగిన బండిలో అది మూసుకుపోవచ్చు. మీ వాడకం కూడా అంతే అయితే పెట్రోల్ బండే నయం.

టెస్ట్ డ్రైవ్ కాలనీలో ఒక రౌండుతో ముగించకండి. ఇంట్లో వాళ్లను కూడా ఎక్కించుకుని, ఏసీ వేసి, ఫ్లైఓవర్లు, స్పీడ్ బ్రేకర్లు, ట్రాఫిక్ అన్నీ కలిసొచ్చేలా అరగంట నడపండి. వెనక కూర్చున్న పెద్దవాళ్లు ఎక్కడం దిగడం ఎలా ఉందో చెబుతారు. నచ్చితే, అమ్మే వాళ్లతో సంబంధం లేని మీ మెకానిక్‌తో స్కానర్ పెట్టించి చూడండి.

తాళం చేతికొస్తే సరిపోదు

ఆర్‌సీ మీద, బండి చాసిస్ మీద నంబర్లు ఒకటేనా పోల్చి చూడండి. ఫారం 29, 30 మీద మీ పేరు రాసే సంతకాలు తీసుకోండి. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మిన వాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్స్ మార్పిడికి 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అది చేయకుండా బండికి దెబ్బ తగిలితే మీ క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

వేరే రాష్ట్రం బండి తక్కువకు వస్తుంటే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేయండి. చవక అనుకున్నది చవక కాకపోవచ్చు. డీలర్ దగ్గర కొంటుంటే రవాణా శాఖ గుర్తింపు ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి.

మీ పాత కారు అమ్ముతున్నా ఇదే జాగ్రత్త కావాలి. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేయకండి.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు తీసుకోండి. బదిలీ పూర్తయ్యేదాకా కొంత మొత్తం ఆపుకుంటామని ముందే మాట్లాడుకోండి. దీనికి ససేమిరా అంటూ తొందరపెడితే, ఆ బండి వదిలేసి ఇంకోటి చూసుకోండి.