కాలానికి ముందు వచ్చిన క్రీడాకారిణి – లూసియా హారిస్

1976 జులై 19వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒలింపిక్ క్రీడల చరిత్రలో ఒక నూతనాధ్యాయం ప్రారంభమైనది. పురుషుల బాస్కెట్‌బాల్ 1936లోనే ఒలింపిక్ క్రీడలలో స్థానం సంపాదించుకొన్నది. స్త్రీలకు ఆ అవకాశం లభించడానికి మరి నలుబది సంవత్సరాలు పట్టినది. ఆనాడు అమెరికా, జపాను జట్లు తలపడగా మొట్టమొదట బంతిని బుట్టలో వేసి, ఒలింపిక్ మహిళా బాస్కెట్‌బాల్‌లో తొలి పాయింట్లను ఆర్జించిన యువతి పేరు లూసియా హారిస్. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియొక్క సంవత్సరాలు.

మరుసటి సంవత్సరం పురుషుల వృత్తి క్రీడాజట్టు ఒకటి ఆమెను ఎంపిక చేసికొన్నది. అంతటి క్రీడాకారిణి పేరు ఆమె స్వదేశంలోనే పెక్కుమందికి చిరకాలం తెలియలేదు. ఆటనుండి విరమించిన పిమ్మట ఆమె తన సొంత సీమకు తిరిగివచ్చి బడిపిల్లలకు పాఠాలు చెప్పుకొన్నది. ప్రతిభకు కొరత లేదు, కృషికి కొరత లేదు. మరి కొరత ఎక్కడ ఉన్నదో తెలియవలెనంటే ఆమె జీవితాన్ని మొదటినుండి పరిశీలించవలసి ఉన్నది.

పత్తిచేల నడుమ బాల్యం

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణభాగాన మిసిసిపీ రాష్ట్రం ఉన్నది. అందులో వాయవ్యప్రాంతాన్ని డెల్టా అని వ్యవహరిస్తారు. డెల్టా అనగానే మనకు కృష్ణా గోదావరులు సముద్రాన్ని చేరే సీమ స్ఫురిస్తుంది. ఇది అట్టిది కాదు. మిసిసిపీ, యాజూ నదుల నడుమ వరదలు తెచ్చిపోసిన ఒండ్రునేల ఇది. పత్తిపంటకు ప్రసిద్ధి. ఒకప్పుడు బానిసల చేతను, బానిసత్వం రద్దయిన పిమ్మట నల్లజాతి పాలుకౌలు రైతుల చేతను ఈ నేల దున్నబడినది.

ఆ ప్రాంతంలో మింటర్ సిటీ అనే చిన్న ఊరిలో 1955 ఫిబ్రవరి 10వ తేదీన లూసియా జన్మించినది. పేరులో సిటీ ఉన్నదే కాని అది పల్లెటూరే. తండ్రి విల్లీ హారిస్, తల్లి ఎథెల్. వారి పదకొండుమంది సంతానంలో ఈమె పదవది. తండ్రి కూరగాయలు పండించి కుటుంబాన్ని పోషించేవాడు. పిల్లలు కూడ చేలలో పత్తి ఏరేవారు.

ఆమె పుట్టిన సంవత్సరం ఎట్టిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1955 ఆగస్టులో అదే లెఫ్లోర్ జిల్లాలో, షికాగోనుండి బంధువుల ఇంటికి వచ్చిన ఎమెట్ టిల్ అనే పదునాలుగేండ్ల నల్లజాతి బాలుని అపహరించి, తీసికొనిపోయి దారుణంగా హత్య చేసినారు. శ్వేతజాతీయులే సభ్యులుగా గల జ్యూరీ నిందితులను నిర్దోషులని విడిచిపెట్టినది. అట్టి సీమలో, నిరుపేద ఇంట, నల్లజాతిలో, అందునా ఆడపిల్లగా పుట్టిన బాలికకు లోకం ఏమి దాచి ఉంచినదో ఊహించడం కష్టం కాదు.

హారిస్ గారి పెరటిలో ఒక బుట్ట వేలాడుచుండేది. అన్నలు, అక్కలు, ఇరుగుపొరుగు పిల్లలు చేరి అక్కడ ఆడేవారు. లూసియా వారితో కలిసి ఆడి ఆట నేర్చుకొన్నది. రాత్రివేళ నిద్రపోవలసిన సమయంలో కూడ దుప్పటి ముసుగు వేసికొని టెలివిజన్‌లో వృత్తి క్రీడాకారుల ఆటలు చూచేది. ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆమె ఆరాధ్య క్రీడాకారుడు. ఆమె చూచిన ఆటగాళ్లందరూ పురుషులే. చూపించడానికి స్త్రీల వృత్తి క్రీడాసంఘం ఆనాడు లేనే లేదు.

ఆమె త్వరత్వరగా పొడవు పెరిగినది. పెద్దయ్యేసరికి 6 అడుగుల 3 అంగుళాల ఎత్తు. తోటి పిల్లలు ఆ పొడవును చూచి ఎగతాళి చేసేవారు. ఆ పొడుగుతప్ప మరేమీ లేదని పరిహసించేవారు. గ్రీన్‌వుడ్ పట్టణంలోని అమండా ఎల్జీ ఉన్నత పాఠశాలలో చేరిన తరువాత ఆ పొడవే ఆమెకు భూషణమైనది. కాన్వే స్టువర్ట్ అనే శిక్షకుని వద్ద ఆట మెరుగు పెట్టుకొన్నది. ఒక్క పోటీలో 46 పాయింట్లు సాధించి పాఠశాలలో రికార్డు నెలకొల్పినది.

నలుబది సంవత్సరాల నిరీక్షణ

పాఠశాల ముగిసినది. ఇక ముందు ఏమి? ఆమె మొదట చేరదలచిన ఆల్‌కార్న్ స్టేట్ కళాశాలలో స్త్రీల జట్టు లేదు. అక్కడ చేరి ఉంటే ఆమె ఆట అంతటితో ఆగిపోయి ఉండేది.

సరిగా ఆ సమయంలోనే రెండు సంగతులు కలిసివచ్చినవి. మొదటిది ఒక చట్టం. ప్రభుత్వ ధనం పొందే విద్యాసంస్థలలో స్త్రీపురుష వివక్ష చూపరాదని 1972లో అమెరికా కాంగ్రెసు శాసించినది. 'టైటిల్ నైన్' అని ప్రసిద్ధి కెక్కిన ఈ శాసనపు మూలపాఠంలో క్రీడల మాటయే లేదు. అయితే క్రీడలు కూడ విద్యలో భాగమే కనుక కళాశాలలు బాలికలకు సైతం మైదానాలు తెరువవలసి వచ్చినది.

రెండవది మార్గరెట్ వేడ్ అనే వృద్ధ శిక్షకురాలి పునరాగమనం. ఈమె కథ వేరుగా చెప్పదగినది. మిసిసిపీలోని క్లీవ్‌లండ్ పట్టణంలో నేడు డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయమని పిలువబడే సంస్థలో ఆమె 1930 ప్రాంతాల విద్యార్థిని, జట్టులో ఆటకత్తె. ఈ ఆట స్త్రీల సుకుమార శరీరాలకు మితిమీరిన శ్రమ అని భావించి అధికారులు ఆ జట్టును రద్దు చేసినారు. క్రీడాకారిణులు కన్నీరు కార్చి, నిరసనగా తమ ఆట దుస్తులను తగులబెట్టినారు. వేడ్ తరువాత ఉన్నత పాఠశాల శిక్షకురాలిగా దీర్ఘకాలం పనిచేసినది. 1973లో డెల్టా స్టేట్ స్త్రీల జట్టును పునరుద్ధరించి ఆమెను శిక్షకురాలిగా ఆహ్వానించినప్పుడు ఆమె వయస్సు అరువది సంవత్సరాలు. ఆ సంవత్సరమే లూసియా ఆ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినది. ఆ జట్టులో నల్లజాతి బాలిక ఆమె ఒక్కతెయే.

మూడు విజయాలు

బాస్కెట్‌బాల్‌లో 'సెంటర్' స్థానం మిక్కిలి కీలకమైనది. బుట్టకు సమీపాన నిలిచి, ప్రత్యర్థుల తోపులాటను తట్టుకొని, బంతిని అందుకొని వేయడం ఆ స్థానపు పని. గురితప్పి అంచుకు తగిలి వెనుదిరిగిన బంతిని ఒడిసి పట్టుకొనడం మరియొక పని. దీనినే 'రీబౌండ్' అంటారు. ఈ రెండింటిలోను లూసియాకు సాటి వచ్చినవారు ఆనాటి కళాశాలలలో లేరు.

అప్పటికి వరుసగా మూడేండ్లు జాతీయ విజేతగా నిలిచినది ఫిలడెల్ఫియా సమీపంలోని ఇమాక్యులాటా కళాశాల. 1975లో అంతిమ పోటీలో డెల్టా స్టేట్ ఆ జట్టును 90–81 తేడాతో ఓడించినది. లూసియా ఆనాడు 32 పాయింట్లు, 16 రీబౌండ్లు సాధించినది. ఆ సంవత్సరం ఆ జట్టుకు ఒక్క అపజయం కూడ లేదు. 1976లోను, 1977లోను కూడ జాతీయ విజయం డెల్టా స్టేట్‌దే. జట్టు ఒక దశలో వరుసగా 51 పోటీలు గెలిచినది. నాలుగేండ్లలో లూసియా ఆర్జించినవి 2,981 పాయింట్లు, 1,662 రీబౌండ్లు. ఆమె ఆడిన కాలంలో జట్టు 109 పోటీలు గెలిచి ఆరింటిలో మాత్రమే ఓడినది.

ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఏటా ఉత్సవరాణిని ఎన్నుకొనే ఆచారం ఉన్నది. నల్లజాతి విద్యార్థినులలో ఆ గౌరవం మొదట పొందినది లూసియాయే. ఆమె జన్మించిన నాటి మిసిసిపీని తలచుకొంటే ఇది పోటీలో గెలుపుకంటె చిన్న విజయం కాదు.

మాంట్రియల్‌లో తొలి పాయింట్లు అమెరికావి అయినా ఆనాటి గెలుపు జపానుదే. అమెరికా జట్టు తేరుకొని తరువాతి పోటీలలో మూడింట గెలిచి రజత పతకం పొందినది. స్వర్ణం సోవియట్ జట్టుకు దక్కినది. ఆ జట్టులోని ఉలియానా సెమ్యోనొవా ఏడడుగులకు చేరువైన ఎత్తరి. ఆమె ఎదుట లూసియా సైతం పొట్టిగా కనిపించినది. అమెరికా జట్టులో అత్యధికంగా పాయింట్లు సాధించినది మాత్రం లూసియాయే.

ఆట ఉన్నది, వేదిక లేదు

1977లో న్యూ ఆర్లియన్స్ జాజ్ అనే పురుషుల వృత్తి జట్టు తన ఎంపికలో ఏడవ విడతలో, 137వ స్థానంలో లూసియా పేరును ప్రకటించినది. అమెరికా పురుషుల వృత్తి సంఘం ఎంపికలో అధికారికంగా చేరిన స్త్రీ మరియొకతె అంతకు పూర్వం లేదు. 1969లో మరియొక యువతిని వేరొక జట్టు ఎంపిక చేసినా సంఘం దానిని చెల్లనీయలేదు.

లూసియా ఆ పిలుపును సున్నితంగా నిరాకరించినది. ఆ సంవత్సరమే ఆమెకు వివాహమైనది. ఆమె గర్భవతి. అదిగాక ఇది కేవలం ప్రచారానికై చేసిన పని అని ఆమె భావించినది. మహాకాయులైన పురుషులతో తలపడడం తనవల్ల కాదని కూడ ఆమె నిర్మొగమాటంగా చెప్పినది. ఆ నిర్ణయానికి తాను ఎన్నడూ విచారించలేదని వార్ధక్యంలో సైతం అన్నది. ఆమెకు కావలసినది స్త్రీలతో స్త్రీలు ఆడే వృత్తి వేదిక. అది ఆనాడు లేదు.

1978లో స్త్రీల వృత్తి సంఘం ఒకటి వెలసినది. 1979–80లో లూసియా హ్యూస్టన్ ఏంజిల్స్ జట్టు తరఫున ఒక్క ఋతువు ఆడినది. ధనం చాలక ఆ సంఘం 1981లో మూతపడినది. ఆమె వృత్తి క్రీడాజీవితం ఇంతే. చెప్పడానికి ఒక్క పేరా చాలును.

ఆట ఆగిన తరువాతి కాలం ఆమెకు సులభంగా సాగలేదు. ఉత్సాహ విషాదాల నడుమ మనస్సును ఊగించే తీవ్రమైన మానసిక వ్యాధి ఆమెను పీడించినది. ఆమె దానిని దాచుకొనలేదు. చికిత్స పొందుతూ, నలుగురు బిడ్డలను పెంచుతూ, 1984లో విద్యాశాస్త్రంలో ఉన్నత పట్టం పుచ్చుకొన్నది. టెక్సాస్‌లో కొంతకాలం విశ్వవిద్యాలయ శిక్షకురాలిగా పనిచేసినది. పిమ్మట మిసిసిపీకి మరలివచ్చి ఉపాధ్యాయినిగాను, బాస్కెట్‌బాల్ శిక్షకురాలిగాను స్థిరపడినది. తాను ఎగతాళికి గురియైన వయస్సులోని పిల్లలకే ఆమె గురువైనది.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

1992లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని నైస్మిత్ బాస్కెట్‌బాల్ కీర్తిమందిరం ఆమెకు స్థానం కల్పించినది. ఆ గౌరవం పొందిన నల్లజాతి స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. ఆమెను వేదికకు తోడ్కొనివచ్చినది ఆస్కార్ రాబర్ట్‌సన్. దుప్పటి చాటున చూచి ఆనందించిన ఆటగాడే పక్కన నిలిచినాడు.

స్థిరంగా నిలిచిన స్త్రీల వృత్తి సంఘం 1997లో ఆటలు ప్రారంభించినది. అప్పటికి లూసియాకు నలుబదిరెండు సంవత్సరాలు. 2021లో బెన్ ప్రౌడ్‌ఫుట్ ఆమె జీవితాన్ని లఘుచిత్రంగా తీసినాడు. 2022 జనవరి 18వ తేదీన ఆమె కన్నుమూసినది. రెండు నెలల అనంతరం ఆ చిత్రానికి ఆస్కార్ బహుమానం లభించినది. దానిని చూడడానికి ఆమె లేదు.

ఈ జీవితాన్ని విషాదగాథగా చెప్పుకొనడం ఆమెకు అన్యాయం చేయడమే అవుతుంది. ఆమె తన కాలం ఇచ్చిన మేరకు పూర్తిగా ఆడినది, తాను నేర్చినది పిల్లలకు పంచినది. అయితే ఆమె ఎట్లు వెలుగులోకి వచ్చినదో మరువరాదు. ఒక పెరటి బుట్ట, బాలికలకు ఆట నేర్పిన ఒక పాఠశాల, ఒక శాసనం, పట్టు విడువని ఒక శిక్షకురాలు – వీనిలో ఏ ఒక్కటి లేకున్నను లూసియా హారిస్ పత్తిచేల మధ్యనే ఉండిపోయేది. ప్రతిభ పుట్టుకతో రావచ్చు కాని, దానికి చోటు మాత్రం మనుష్యులు కల్పించవలసినదే.

జట్టు రద్దయిన నాటినుండి పునరుద్ధరణ వరకు డెల్టా స్టేట్‌లో ఇంచుమించు నలుబది సంవత్సరాలు గడిచినవి. ఆ కాలంలో అక్కడ చదివి వెళ్లిన బాలికలలో లూసియాకు సాటిరాగలవారు ఎందరుండినారో ఏ పుస్తకంలోను లేదు. ఆటస్థలం లేనిచోట అట్టి లెక్క వ్రాయడానికి వీలు కూడ ఉండదు. బడి ఆవరణలో బాలికలకు ఒక బంతి, ఒక బుట్ట, సాయంకాలం ఒక గంట కేటాయించే ఉపాధ్యాయుడు ఆ లెక్కను కొంతగా సరిచేస్తున్నాడని గ్రహించవలెను.