లారీ విసురుకు కరెంటు పుడుతుందా?

హైవేమీద లారీ దూసుకెళ్తే పక్కనున్న చెట్ల కొమ్మలు ఊగిపోతాయి. ఆ గాలితో కరెంటు తీయవచ్చా? తీయవచ్చు. టర్కీలోని ఇస్తాంబుల్‌లో బస్సుల దారి పక్కన ‘ఎన్‌లిల్’ అనే నిలువు టర్బైన్‌ను పెట్టి చూశారు. నిలువు ఇరుసు చుట్టూ తిరిగే రెక్కలకు గాలి ఏ దిక్కునుంచి వచ్చినా ఒకటే. డివైడర్‌మీద నిలబెడితే వెళ్లే బండ్లూ, ఎదురొచ్చే బండ్లూ దాన్ని ఒకే వైపు తిప్పుతాయి. ఎంత చక్కని ఆలోచన! చిక్కంతా లెక్కలో ఉంది. గాలి వేగం సగమైతే దానిలోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెకనుకు 12 మీటర్ల వేగంతో వీచే గాలిలో చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లుంటే, 4 మీటర్ల గాలిలో 40 కూడా ఉండవు. అందులోనూ 59.3 శాతానికి మించి ఏ టర్బైనూ పట్టుకోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ దాదాపు వందేళ్ల క్రితమే లెక్కగట్టాడు. పైగా లారీ విసురు క్షణాల్లో చల్లారిపోతుంది.

‘ఎంత తక్కువైనా ఉచితమే కదా’ అనవచ్చు. కానీ ఆ గాలిని తోసింది డీజిల్. వృథాగా పోయే గాలినే పట్టుకుంటే బండికి అదనపు భారం ఉండదు, నిజమే. టర్బైన్లను మరీ దగ్గరగా, ఇరుగ్గా పాతితే మాత్రం గాలి నిరోధం పెరిగి ఇంధనం ఎక్కువ కాలవచ్చు. అంటే లారీ విసురు సూర్యుడిలాగా పునరుత్పాదక వనరు కాదు. ఖర్చయిన ఇంధనంలో కొంచెం తిరిగి రాబట్టుకోవడమే. సహజంగా గాలి వీచే చోట ఈ టర్బైన్లు హెచ్చరిక దీపాలకు, సెన్సర్లకు అక్కరకొస్తాయి. ఊళ్లకు వెలుగివ్వాలంటే మాత్రం అదే రోడ్డు పక్కన సోలార్ పలకలు పరచడమే మేలు.