పూత బారెడు.. కాపు బెత్తెడు!

బాలానగర్: సీతాఫలం చెట్టు కొమ్మకొమ్మకూ పూస్తుంది. కాయలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చెట్టుకు దిష్టి తగిలిందనే వారూ ఉన్నారు. ఈ ఊరి పేరునే ఒక రకానికి తెచ్చిపెట్టిన సీతాఫలానికి అసలు చిక్కు పువ్వులోనే ఉంది.

తల వంచుకు వేలాడే ఈ మూడు రెక్కల పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. వాటికి వేళ కలవదు. ముందు ఆడభాగం సిద్ధమవుతుంది. పుప్పొడి రాలేసరికి అది ఆరిపోతుంది. కాబట్టి ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వుకు చేరాలి. మగ్గిన పండ్ల వాసనకు మూగే చిన్న పెంకుపురుగులే దాన్ని మోస్తాయి. పూత మీద పురుగుమందు చల్లితే ఆ మేలు చేసేవీ చస్తాయి.

ఎండకు ఆడభాగం త్వరగా వాడుతుంది. అందుకే వేసవి పూత చాలావరకు రాలిపోయి, తొలకరి తర్వాతి పూత నిలుస్తుంది. కాయ మీది ఒక్కో కన్నుకూ విడిగా పుప్పొడి అందాలి. కొన్నిటికే అందితే కాయ వంకరపోతుంది.

పెరటి చెట్టుకైతే చేత్తోనే ఈ పని చేయవచ్చు. సాయంత్రం పుప్పొడి రాలుస్తున్న పూలను కోసి కాగితం మీద దులపాలి. మర్నాడు పొద్దున్నే, అప్పుడే విచ్చుతున్న పువ్వు రెక్కలు తెరచి, మెత్తని కుంచెతో నడిమి బొడిపె చుట్టూ ఆ పొడి అద్దాలి. ఖర్చు ఒక్క కుంచె. నిలిచిన పిందె సుమారు నాలుగు నెలలకు కళ్లు తెరుస్తుంది.