కన్నడ లిపిలోని తెలుగు: శిక్షణార్థులకొక ప్రణాళిక

కోలారు జిల్లాలో తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు కలవు. బడిచదువు కన్నడమగుటచే, ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతములందు ఇండ్లలోని భజనపాటల నోటుపుస్తకములలో భాష తెలుగైనను లిపి కన్నడమగుట వింత కాదు. కైవార నారాయణ యతీంద్రుని తెలుగు కీర్తనలును ఇచ్చట కన్నడ లిపిలోనే చదువుకొందురు. (కైవారము 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినది, పాటకు జిల్లా హద్దు లేదు.) 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన పిదప ఎన్నో కుటుంబములు చెదరినవి. తెలుగునాట పెరిగిన మనుమలకు అవ్వ వ్రాసిన అక్షరములు తెలియవు.

ఈ లిపిమార్పిడి, సాఫ్ట్‌వేర్ శిక్షణకు వచ్చు ఇంజనీరింగు విద్యార్థులకు చక్కగా అమరు పని. యూనికోడులో తెలుగునకు 128 స్థానములు. ఆ వెంటనే కన్నడమునకు 128. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221. ఇంచుమించు ప్రతి అక్షరమునకును భేదమింతే. కన్నడ సంఖ్యనుండి 128 తీసివేసినచో తెలుగక్షరము వచ్చును. మొదటినాటి సాయంకాలమునకే విద్యార్థి తన ప్రోగ్రాము పనిచేయుట కన్నులార చూచును.

చిక్కులు పిమ్మట వచ్చును. కన్నడ ఏత్వమును కొన్ని యంత్రములు ఎత్వముగను దీర్ఘచిహ్నముగను విడదీసి దాచును. తెలుగు ఏత్వమునకు అట్టి విభాగము లేదు. ప్రాచీన కన్నడపు 'ఴ' వేరొకచోట నున్నందున 128 తీసివేసిన ఖాళీ స్థానము చిక్కును. పాత నుడి ఫాంటులలో కూర్చిన పుటలు అసలు యూనికోడే కావు. మార్గదర్శకుడు ముందుగా ఈ పనిని తానొకసారి చేసి చూడనిచో, ఈ చిక్కులు ఏ వారమున ఎదురగునో చెప్పజాలడు; చెప్పలేనివాడు గడువు పెట్టరాదు. ఆరు వారముల గడువున్నచో నాలుగు వారముల పనియే ఒప్పుకొనవలెను. పని వెనుకబడినపుడు మనుష్యులను చేర్చిన మరింత వెనుకబడునని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే వ్రాసెను. క్రొత్తవానికి నేర్పువాడు తన పని మానుకొనవలసి యుండును గదా!

అన్నిటికంటె ముఖ్యము, చేయకూడనిదానిని మొదటనే వ్రాసి యిచ్చుట. చురుకైన విద్యార్థికి మూడవ వారమున తప్పులు దిద్దు యంత్రమును చేర్చవలెనను కోరిక తప్పక పుట్టును. అవ్వ "వస్తా ఉండాను" అని వ్రాసినచో యంత్రము దానిని "వస్తున్నాను" అని మార్చివేయును. అక్కడితో కోలారు తెలుగు పోయినట్లే! అక్షరము మారవలెను, మాట మారరాదు. అనుమానమున్నచోట గుర్తుపెట్టి వదలవలెను.

పరీక్షకు విద్యార్థులను ఆ పుస్తకముల యింటికే పంపుట మేలు. ఒకరు తెరపైనున్న తెలుగు చదువగా, ఆ పాట వచ్చిన పెద్దలు వినుచు ఆపవలెను. ఆపిన ప్రతిచోటును పట్టికలో నెక్కవలెను. కడపటి వారమున క్రొత్త పంక్తి యొక్కటియు వ్రాయనీయక, ఈ పట్టికను, వాడుక విధానమును తెలుగులోను కన్నడములోను సిద్ధపరచి, తరువాతి యేడు వచ్చు విద్యార్థులకు అప్పగింపవలెను.